ఆఖరి పది మీటర్లు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. "ఇలాంటిది తెలుగువాళ్ళు చదువుతారా మాస్టారూ?" అని అడిగావు. చదువుతారు. ఒకమ్మాయి ఇద్దరిని ప్రేమించిందనీ, ఆ ఇద్దరికీ ఆ సంగతి తెలుసనీ, ముగ్గురూ ఒప్పుకునే అలా ఉంటున్నారనీ చెబితే మన పాఠకుడు పేజీ తిప్పెయ్యడు. కళ్ళద్దాలు సర్దుకుని మరీ చదువుతాడు. అతనికి విసుగొచ్చే చోటు వేరే ఉంది. విశాఖ దగ్గర తొట్లకొండ మీద ఆ అమ్మాయికి ఇంకో జంట తగులుతుంది కదా. పరిచయమైన పది నిమిషాలకే ముగ్గురూ చెట్టు కింద కూర్చుని పాలీయామరీ (అందరి ఒప్పుదలతో ఒకరికి మించి ప్రేమించడం) అంటే ఏమిటో, మెటమోర్ (మన ప్రియుడికో ప్రియురాలికో ఉన్న ఇంకో తోడు) అని ఎవరినంటారో, కంపర్షన్ (మనవాళ్ళు ఇంకొకరితో సంతోషంగా ఉంటే మనకీ కలిగే సంతోషం) ఎలా ఉంటుందో ఒకరికొకరు పాఠం చెప్పుకుంటారు. వాళ్ళకి అవన్నీ ముందే తెలుసు. తెలియంది పాఠకుడికి. అతని కోసం పాత్రల చేత ట్యూషన్ చెప్పిస్తున్నావు.

ఎం.వి.పి. కాలనీలో ఆమె అద్దెకున్న ఇంటి ఓనరమ్మ రోజూ గుమ్మం ముందు చెప్పుల జతలు లెక్కపెట్టుకుంటుందని నువ్వే రాశావు. కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే. అలాంటి ఇంట్లో ఉండే మనిషి కొత్తవాళ్ళ దగ్గర మొదటిరోజే అంతా విప్పి చెప్పేస్తుందా? స్నేహం కుదరాలంటే ముందు ఆ విషయం కాకుండా మాట్లాడుకోడానికి ఇంకేదో ఉండాలి. జియోకాషింగ్‌ని, అంటే జీపీఎస్ చూసుకుంటూ ఎవరో దాచిన పెట్టెని వెతికే ఆటని, కథలోకి తెచ్చావంటే ఈ సంగతి నీ మనసుకి తట్టినట్టే. తెచ్చి మాత్రం గోడకి క్యాలెండర్ తగిలించినట్టు తగిలించి వదిలేశావు.

ఆ ఆట ఎలా పుట్టిందో నీకు తెలిసే ఉంటుంది. జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలుపుతున్న తేడాని అమెరికా ప్రభుత్వం 2000 మే మొదట్లో ఆపేసింది. అంతవరకూ వంద మీటర్ల దాకా తప్పు చూపించే పరికరం ఒక్క రాత్రిలో పనికొచ్చేదిగా మారింది. వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్‌లో కొన్ని వస్తువులు వేసి, అడవిలో పెట్టి, అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో రాశాడు. ఇప్పటికీ ఆట అదే. ఫోన్ నిన్ను అయిదారు మీటర్ల దాకా తీసుకెళ్తుంది. చెట్ల కిందా, బండల పక్కనా అయితే పది మీటర్ల తేడా కూడా వస్తుంది. ఆ తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని వంగాల్సిందే. ఏ రాయి ఎవరో పేర్చినట్టుంది, ఏ వేరు మీద ఆకులు మరీ పొందిగ్గా ఉన్నాయి అని చూసుకోవాల్సిందే.

నీ కథ ఉండాల్సింది ఆ ఆఖరి పది మీటర్లలో. నలుగురు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, నేల వైపు చూస్తూ అరగంట గడుపుతారు. కాఫీ షాపులో ఎదురెదురుగా కూర్చుంటే గొంతు దాటని మాట అక్కడ దాటుతుంది. "ఈ వారం మావాడు రాలేదు, వాళ్ళిద్దరూ సినిమాకెళ్ళారు" అంటుంది ఒకామె ముళ్ళకంప తప్పించుకుంటూ. వాళ్ళిద్దరూ అంటే ఎవరని ఎవరూ అడగరు. రెండు మూడు ఆదివారాలు గడిచాక నీ హీరోయిన్ తల ఎత్తకుండానే "మా ఇంట్లోనూ అంతే" అంటుంది. మూడు పేజీల పాఠం అక్కర్లేదు, ఈ రెండు మాటలు చాలు. ఆ రోజు పెట్టె దొరక్కపోయినా నష్టం లేదు. దొరకలేదని లాగ్‌లో, అంటే ఆట చిట్టాలో, రాసుకోవడం కూడా ఆటలో ఒక పద్ధతే కదా.

"దాచిన పెట్టె, దాచిన ప్రేమ" అని రెండు చోట్ల రాశావు. రెండూ కొట్టెయ్. ఈ పోలిక ఎవరికైనా ముందుగా తట్టేదే, పైగా తప్పు. పెట్టెని దాచేవాడు అది ఎవరికో ఒకరికి దొరకాలనే దాస్తాడు. నీ ముగ్గురూ ఊరి కంట పడకూడదని దాక్కుంటున్నారు. మరి వాళ్ళలో వాళ్ళకి దాపరికం ఉందా అంటే అసలు లేదు. మోసానికీ దీనికీ తేడా అదే. ఆ తేడాని నీ పోలిక చెరిపేస్తోంది.

ఇక ఊరి సంగతి. డాల్ఫిన్స్ నోస్ దగ్గర పెట్టె పెట్టే సీను తీసెయ్. ఇది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు. పేరూ ఊరూ లేని డబ్బాని రాళ్ళ సందులో తోస్తున్న మనిషిని చూడగానే మన పాఠకుడికి బాంబ్ స్క్వాడ్ గుర్తొస్తుంది. మిలటరీ స్థలాల దగ్గరా, రైలు పట్టాల పక్కనా పెట్టకూడదని ఆట నియమాల్లోనే ఉంది. తొట్లకొండ మీద నీ కుర్రాడు పలుగు పట్టుకుని తవ్వడం ఇంకా ఘోరం. రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధారామం అది. అసలు ఈ ఆటలో మామూలుగా పెట్టెని పాతిపెట్టరు.

వాళ్ళని ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్ళు. పెట్టె లేని రకం ఒకటుంది, ఎర్త్‌కాష్ అంటారు, 2004లో మొదలైంది. ఆ చోటికి వెళ్ళి, నేలనీ రాళ్ళనీ చూసి, అడిగిన ప్రశ్నకి జవాబు రాయాలి. భీమిలి రోడ్డు పక్కనే ఉన్నా ఆ గెడ్డల్లోకి దిగితే ప్రతి మలుపూ ఒకేలా ఉంటుంది, దారి తప్పారని రాస్తే ఎవరైనా నమ్ముతారు. ఇసుక రేణువులకి పట్టిన ఇనుము ఆక్సైడ్ వల్ల ఆ ఎరుపు వచ్చిందని ఒకరికి తెలుసు, మిగతావాళ్ళకి తెలీదు. వాదించుకోనీ. మనుషులు ఇష్టమైన విషయం మీద వాదించుకునే తీరులోనే వాళ్ళు దగ్గరవడం కనిపిస్తుంది. గట్ల అంచులెక్కనివ్వకు, కూలిపోతాయి.

నీ లాయర్ పాత్ర పాత చట్టం చెబుతున్నాడు. పాత శిక్షాస్మృతి (ఐ.పి.సి.)లోని 497 సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది. వివాహేతర సంబంధం ఇప్పుడు విడాకులకి కారణం కావచ్చు గాని దానికి జైలు లేదు. భర్తో భార్యో ఉండగా మళ్ళీ పెళ్ళి చేసుకోవడం మాత్రం నేరమే, అది ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 82వ సెక్షన్. అయినా నీ హీరోయిన్‌కి లాయర్ దేనికి? ఆమె టెన్షనంతా ఓనరమ్మ గురించీ, ఆఫీసు గురించీ, విజయనగరం నుంచి చెప్పకుండా దిగే అమ్మ గురించీ.

నువ్వు వదిలేసిన అసలు ప్రమాదం ఒకటుంది. లాగ్‌లో అందరూ మారుపేర్లే రాసుకుంటారు. కానీ ఏ పేరువాళ్ళు ఏ రోజు ఎక్కడికెళ్ళారో ఆటలో ఉన్న ఎవరికైనా కనిపిస్తుంది. మూడు మారుపేర్లు ఎప్పుడూ కలిసే కనిపిస్తుంటే, ఈ ఆట సరదా ఉన్న ఒక అన్నయ్యకి లెక్క తేలడానికి ఎంతసేపు? కథలో మలుపు కావాలన్నావు, ఇదిగో. ఇదే నీకూ వర్తిస్తుంది. ఆ జంట నీకు తెలిసినవాళ్ళేనన్నావు. దిబ్బలు దిబ్బల్లాగే ఉండనీ, మనుషుల ఉద్యోగాలూ వీధులూ పిల్లలూ మార్చెయ్. అచ్చుకి ముందు వాళ్ళకి చూపించు. వద్దంటే మానెయ్.

ఆ గుంపులో చేరి "మీరంతా ఫ్రీయే కదా" అనే వెధవ ఒకడు కథలో ఉండాలి, బయట ఎలాగూ ఉంటాడు. వాణ్ణి ఎవరు, ఎంత నిదానంగా బయటకి పంపిస్తారో చూపిస్తే ఆ మనుషుల విలువ తెలుస్తుంది. కొత్తగా వచ్చిన అమ్మాయికి పగటి పూటే, నలుగురున్నప్పుడే రమ్మని ముందే చెప్పే పెద్దామెని కూడా పెట్టు.

ముగింపులో ఆమెకి మూడో ప్రియుణ్ణి తేవడం నాకు నచ్చలేదు. ఆమె బయల్దేరింది స్నేహితుల కోసం. తనవాళ్ళిద్దరూ ఊళ్ళో లేని ఒక రాత్రి ఆమెకి అసూయ పుడుతుంది. సిద్ధాంతం ప్రకారం పుట్టకూడదని తనని తానే తిట్టుకుంటుంది. అప్పుడు ముళ్ళకంప దగ్గర మాట్లాడినామెకి ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్ సంభాషణ రాయి. టీవీ సీరియల్ తెలుగు కాకుండా, "ఏటయిందే?" అని మన వైపు మాటతో మొదలెట్టు.

రెండో ప్రతి దసరాలోపు పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింట్ తియ్యి, సాయంత్రం పూట నా కళ్ళు సహకరించడం లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు