డోలు ఆగాక ఏం మోగింది?

చిరంజీవి సుజాతకు ఆశీస్సులు.

వెస్టిండీస్ దీవి ట్రినిడాడ్‌లో జరిగే కార్నివాల్ పండుగ మీద నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. నీ ఆవేదన నిజమైనదే; అయితే ‘అణచివేత’ అన్న మాట పేజీకి నాలుగుసార్లు కనబడిందే గాని, ఒక్క డోలు చప్పుడైనా వినబడలేదు.

నిషేధం గురించి రాసేటప్పుడు ముందుగా వేటిని నిషేధించారో చూడు. 1881లో ఆ దీవి రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి జనం కాగడాలతో, కర్రలతో, డోళ్లతో కాన్‌బులే అనే కార్నివాల్ ఊరేగింపు తీస్తుంటే పోలీసు అధికారి కెప్టెన్ బేకర్ తన బలగంతో అడ్డుపడ్డాడు, జనం తిరగబడ్డారు. 1884 నాటికి బ్రిటిష్ ప్రభుత్వం కాగడాలనూ, డోలు వాద్యాన్నీ, కర్రలు పట్టి పదిమంది గుమిగూడడాన్నీ చట్టంతో కట్టడి చేసింది. ఆ ఏడాది అక్టోబరులోనే ఆ దీవిలోని శాన్ ఫెర్నాండో దగ్గర మొహర్రం ఊరేగింపు తీసిన భారతీయ కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మన దేశం నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్ల కథ అది. దాన్ని నీవు ఒక్క ముక్కలో దాటేశావు, ఆగి రాయి.

డోలు ఆగిన చోట వెదురు మోగింది. లావుపాటి పొడవాటి బొంగును నిలువుగా పట్టి నేలకేసి మోదితే మంద్రంగా పలికేది. రెండు పొట్టి ముక్కలను ఒకదానితో ఒకటి తాటించేవారు. సన్నని బొంగును భుజానికి ఆనించి పుల్లతో వాయించేవారు. ఈ వెదురు వాద్యాలనే టాంబూ బాంబూ అంటారు. 1930లలో బిస్కెట్ డబ్బాలు, రంగు డబ్బాలు, ఆ తరువాత చమురు పీపాలు వచ్చి చేరాయి. పీపా అడుగును సుత్తితో గుంటగా దించి, ఒక్కో చోట ఒక్కో స్వరం పలికేలా మలిచారు; అదే స్టీల్ పాన్. 1951లో ట్రినిడాడ్ వాద్యకారుల బృందం టాస్పో ఆ వాద్యాలతోనే లండన్ వెళ్లింది. గంట మోగించి గొంతెత్తి ప్రార్థించే షౌటర్ బాప్టిస్టులనే క్రైస్తవ శాఖపై 1917లో తెచ్చిన నిషేధం కూడా 1951లోనే రద్దయింది.

‘నిషేధమే స్టీల్ పాన్‌కు జన్మనిచ్చింది’ అని ముగించావు. ఆ వాక్యం కొట్టెయ్యి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ అంచున లావెంటిల్ కొండవాడల్లో, రౌడీలని ముద్ర పడినా సుత్తి వదలని పేద కుర్రాళ్లకు దక్కవలసిన పేరును అది పోలీసుల ఖాతాలో వేస్తోంది. చట్టం వాద్యాన్ని లాక్కుంది, అంతే; తయారుచేసింది వాళ్లు. వెదురు బొంగుల దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.