కెమ్నిట్స్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది. సాక్సనీ ఎలాంటి చోటు, అక్కడి మనుషులు ఎలా ఉంటారు?

సీటు వచ్చినా ఇంట్లోవాళ్ళు "అది తూర్పు జర్మనీ, వద్దు" అంటున్నారని, ఉన్నవాళ్ళు ఎవరైనా నిజం చెప్పమని అడిగారు. నేను అక్కడ ఆరేళ్ళు ఉన్నాను, రెండేళ్ళు చదువుకి, నాలుగేళ్ళు ఉద్యోగానికి. మాది గోదావరిఖని. నాన్న సింగరేణిలో బాయి పని, అంటే బొగ్గు గని పని చేసి రిటైరయ్యారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, సాక్సనీ నాకు నాన్న వల్లే అర్థమైంది. ఆ నేల చరిత్రలో సగం బాయిల చరిత్రే.

ముందు పటం తెరిచి చూడండి. జర్మన్లు ఈ రాష్ట్రాన్ని జాక్సెన్ అంటారు. జర్మనీకి తూర్పు అంచున పోలండ్‌నూ, చెక్ దేశాన్నీ ఆనుకుని ఉంటుంది. విస్తీర్ణం 18 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, మన తెలంగాణలో ఆరో వంతు అనుకోండి. జనాభా సుమారు 40 లక్షలు. రాజధాని డ్రెస్డెన్ ఎల్బే నది ఒడ్డున ఉంది. ఉత్తరాన లైప్‌జిగ్ చుట్టూ అంతా చదును నేల. దక్షిణానికి వచ్చేకొద్దీ నేల మెల్లగా లేచి చెక్ సరిహద్దు దగ్గర కొండలవుతుంది. వాటిని ఎర్ట్స్‌గెబిర్గె అంటారు, అంటే ఖనిజాల కొండలు. వాటిలో సాక్సనీ వైపు అన్నిటికంటే ఎత్తైనది ఫిక్టెల్‌బెర్గ్, 1,215 మీటర్లు. మీరు వెళ్ళే కెమ్నిట్స్ ఆ కొండల పాదాల దగ్గర ఉంటుంది.

1168లో ఫ్రైబెర్గ్ దగ్గర వెండి దొరికింది. అంతదాకా అదంతా అడవి. ఎవరైనా వచ్చి తవ్వుకోవచ్చు, పాలకుడి వాటా మాత్రం ఇవ్వాలి అన్నారు. ఆ మాట విని దూరదూరాల నుంచి జనం వచ్చారు. 1496లో ఆనాబెర్గ్ అనే ఊరు వెండి కోసమే పుట్టింది. ఆ ఊళ్ళో గనుల లెక్కలు రాసిన ఆడమ్ రీస్ జనానికి అర్థమయ్యేలా లెక్కల పుస్తకాలు రాశాడు. ఇప్పటికీ జర్మన్లు కూడిక సరిపోయిందని చెప్పడానికి "ఆడమ్ రీస్ లెక్క ప్రకారం" అంటారు. 1918 దాకా సాక్సనీని ఏలిన వెట్టిన్ వంశం సంపదకు పునాది ఈ వెండే. డ్రెస్డెన్‌లో మీరు చూడబోయే ప్రాసాదాలు, బొమ్మల గ్యాలరీలు దాని మీద లేచినవే. "అన్నీ గని నుంచే వచ్చాయి" అని కొండల్లో ఒక నానుడి ఉంది. ఫ్రైబెర్గ్‌లో 1765లో పెట్టిన గనుల విద్యాలయం ఇంకా నడుస్తోంది. ఇండియం 1863లో, జెర్మేనియం 1886లో బయటపడింది ఆ ఊళ్ళోనే.

కెమ్నిట్స్‌లో పదహారో శతాబ్దంలో ఆగ్రికోలా అనే వైద్యుడు ఉండేవాడు. ఊరికి మేయరుగా కూడా చేశాడు. గని పని మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం ఆయన పోయిన మరుసటి ఏడు, 1556లో అచ్చయింది. గని దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుందని, కార్పేతియన్ కొండల గనుల దగ్గర ఆ రోగానికి ఏడుగురు భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ళున్నారని అందులో ఉంది. అది చదివిన రాత్రి నాన్నకు ఫోన్ చేసి దగ్గు ఎలా ఉందని అడిగాను.

వెండి తగ్గాక కొండల్లో ఆడవాళ్ళు లేసు అల్లారు, మగవాళ్ళు కొయ్య చెక్కారు. జైఫెన్ అనే ఊరు ఇప్పటికీ కొయ్యబొమ్మల మీదే బతుకుతుంది. కింద కెమ్నిట్స్ మాత్రం పందొమ్మిదో శతాబ్దంలో నూలు మిల్లులతో, యంత్రాల ఫ్యాక్టరీలతో పెరిగి సాక్సనీ మాంచెస్టర్ అనిపించుకుంది. 1945 మార్చిలో బాంబులకు ఊరి నడిబొడ్డు నేలమట్టమైంది. 1953లో అప్పటి తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వం దానికి కార్ల్ మార్క్స్ స్టాట్ అని పేరు పెట్టింది. 1990లో ఓటు పెడితే 76 శాతం మంది పాత పేరే కావాలన్నారు. మార్క్స్ తల విగ్రహాన్ని మాత్రం తీసెయ్యలేదు. తల ఒక్కటే ఏడు మీటర్ల ఎత్తుంటుంది. మీరూ మొదటివారమే దాని కింద ఫోటో దిగుతారు.

యుద్ధం తర్వాత అవే కొండల్లో యురేనియం తవ్వకాలు మొదలయ్యాయి. సోవియట్ అణుబాంబుల కోసం విస్ముట్ అనే సంస్థ సాక్సనీలో, పక్కనున్న థ్యూరింగియాలో 1990 దాకా దాదాపు 2,31,000 టన్నుల యురేనియం తీసింది. మొదటి ఏళ్ళలో పొడి దుమ్ములో, గాలి సరిగా ఆడని సొరంగాల్లో తవ్వించారు. వేలమంది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. ఆ కొండల గనుల జబ్బు క్యాన్సరేనని 1879లోనే ష్నేబెర్గ్ అనే ఊరి గని కార్మికులను పరీక్షించిన వైద్యులు తేల్చారు. తెలిసి కూడా దింపారు. నాకు ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది.

ఇక మీ ఇంట్లోవాళ్ళ భయం సంగతి. 1989 అక్టోబర్ 9న లైప్‌జిగ్‌లో దాదాపు 70 వేలమంది ఆ కమ్యూనిస్టు ప్రభుత్వానికి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు. తుపాకులు పేలతాయని తెలిసే వచ్చారు, పేలలేదు. నెల తిరగ్గానే బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఆ ధైర్యం చేసినవాళ్ళకే, రెండు జర్మనీలు ఒక్కటయ్యాక, మరుసటి రెండేళ్ళలో మిల్లులు మూతపడ్డాయి. మా కింది వాటాలో ఒక పెద్దావిడ ఉండేవారు, నూలు మిల్లులో పాతికేళ్ళు చేశారు. నలభై ఏడేళ్ళ వయసులో మొదటిసారి ఒక ఫారంలో తన పేరు పక్కన "నిరుద్యోగి" అని రాయాల్సొచ్చిందట. పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నారో చెప్పారు. ఇద్దరు కూతుళ్ళూ పడమటికి పోయి అక్కడే ఉండిపోయారు. రాష్ట్రంలో 1990లో 47 లక్షల పైన ఉన్న జనం ఇప్పుడు 40 లక్షలయ్యారంటే ఇలాంటి ఇళ్ళ వల్లే. కెమ్నిట్స్‌లో అద్దెలు తక్కువని మీకు ఎవరో చెప్పే ఉంటారు. కారణం అదే. అలా ఖాళీ అయిపోయిన అపార్ట్‌మెంట్ బ్లాకులను ఎన్నింటినో కూల్చేశారు.

ఆ కోపం, ఆ వెలితి రాజకీయాల్లో కనిపిస్తాయి. 2018 ఆగస్టులో కెమ్నిట్స్‌లో ఒక హత్య తర్వాత విదేశీయుల మీద పెద్ద గొడవలు జరిగాయి. 2024 రాష్ట్ర ఎన్నికల్లో వలసలను వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీకి 30.6 శాతం ఓట్లు వచ్చాయి. ఇది దాచి మిమ్మల్ని పంపడం నాకిష్టం లేదు. ఆరేళ్ళలో రెండుసార్లు ట్రాములో నన్ను చూసి ఎవరో అరిచారు. ఒకసారి నోట మాట రాక ముందు స్టాపులోనే దిగిపోయాను. రెండోసారి నా ఎదురు సీట్లో కూర్చున్న ముసలాయన లేచి వాడి మీద కేకలేసి, నేను దిగేదాకా నా పక్కనే నిలబడ్డాడు. ఆ తర్వాత రాత్రి పదిగంటలు దాటాక ఊరి నడిమధ్య ఒంటరిగా తిరగడం తగ్గించాను. మీరూ అలాగే చేయండి. యూనివర్సిటీలో మనవాళ్ళు చాలామంది ఉంటారు, ఒంటరితనం ఉండదు. కానీ వాళ్ళతోనే ఉండిపోకండి.

మనుషులు మొదట్లో మాట్లాడరు. నవ్వు కూడా తక్కువే. వెళ్ళిన కొత్తలో ఆ పెద్దావిడను ఏది అడిగినా "ను" అనేవారు. నో అంటున్నారనుకుని నెలరోజులు ఆవిడను ఏదీ అడగలేదు. సాక్సన్ యాసలో "ను" అంటే అవునని తర్వాత తెలిసింది. మిగతా జర్మనీ ఈ యాసను ఎగతాళి చేస్తుంది. మన తెలంగాణ యాసను సినిమాల్లో విలన్లకూ కమెడియన్లకూ పెట్టిన రోజులు చూసినవాణ్ణి, ఆ బాధేంటో నాకు తెలుసు. ఆవిడ దగ్గర ఆ యాస పట్టుదలగా నేర్చుకున్నాను. మూడో ఏడు నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం కాఫీకి పిలిచేవారు.

వీలుచూసుకుని తూర్పున బౌట్సెన్ వెళ్ళండి. అక్కడ రోడ్డు బోర్డుల మీద జర్మన్‌తో పాటు సోర్బియన్ ఉంటుంది. సోర్బులు స్లావులు, జర్మన్ల కంటే ముందునుంచీ ఈ నేల మీద ఉన్నవాళ్ళు. కెమ్నిట్స్ అనే పేరే వాళ్ళ మాట, రాళ్ళ వాగు అని అర్థం. డ్రెస్డెన్, లైప్‌జిగ్ పేర్లు కూడా స్లావు మూలాలవే.

వీలైతే డిసెంబర్ సెలవులకు ఇండియా రాకండి, మొదటి ఏడాదైనా ఉండండి. అక్కడ ఆ నెలలో నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆనాబెర్గ్‌కు రైలెక్కితే ప్రతి కిటికీలో దీపాల తోరణం కనిపిస్తుంది, అర్ధచంద్రాకారంలో. గని కార్మికులు చలికాలంలో తెల్లవారకముందే దిగి చీకటి పడ్డాక పైకొచ్చేవాళ్ళు, వారాల తరబడి సూర్యుణ్ణి చూసేవాళ్ళు కాదు. అందుకే ఆ కొండల్లో వెలుగుకు అంత విలువని అంటారు. ఇంట్లో ఎంతమంది మగపిల్లలుంటే కిటికీలో అన్ని కార్మికుడి బొమ్మలు, ఎంతమంది ఆడపిల్లలుంటే అన్ని దేవదూత బొమ్మలు కొవ్వొత్తులు పట్టుకుని నిలబడతాయి.

నేను వచ్చేసేటప్పుడు ఆ పెద్దావిడ ఒక కార్మికుడి బొమ్మ చేతిలో పెట్టారు. గోదావరిఖనిలో నాన్న దాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్ళి, టోపీ, తోలు కట్టు, చేతిలో కొవ్వొత్తి తిప్పితిప్పి చూశారు.

"ఇతను ఏ బాయోడు బిడ్డా?" అని అడిగారు.