బ్యాటరీ కొనే ముందు మీటర్ పెట్టి చూడండి

ఎండలు ముదిరేసరికి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత కార్ల కరెంటు గోలే. నాలుగింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు పట్టింది, ఎందుకంటే ఆ ఇబ్బంది ఒక్కరిది కాదు.

ప్రశ్న: సార్, నాది 2004 మోడల్ మారుతీ 800. మూడు నాలుగు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ టక్ టక్ అంటుందే కానీ తిరగదు. బ్యాటరీ మార్చి ఏడాది కూడా కాలేదు. మెకానిక్ మళ్లీ బ్యాటరీయే పోయింది అంటున్నాడు. కొనమంటారా? – ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: ఇప్పుడే కొనొద్దు. మన ఎండలకు బ్యాటరీ తొందరగా దెబ్బతింటుందన్నది నిజమే కానీ, రోజూ తీస్తే బాగుండి, నిలబెడితే చచ్చిపోయే బండిలో తప్పు బ్యాటరీదే అని మీటర్ పెట్టకుండా ఎలా చెప్తారు? ఎలక్ట్రికల్ షాపులో మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి, కొత్త బ్యాటరీ ఖర్చుతో పోలిస్తే అదేమంత ఖర్చు కాదు.

ముందు టెర్మినళ్లు చూడండి. తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక బిగించి, పైన వాజిలైన్ రాయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. తర్వాత ఫుల్‌గా చార్జ్ చేయించి, రాత్రంతా వదిలేసి, పొద్దున బండి స్టార్ట్ చేయకముందు వోల్టేజీ చూడండి. 12.6 దగ్గర ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి వచ్చినట్టు. ఇంజిన్ ఆన్ చేసి మళ్లీ చూడండి, 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 కూడా రాకపోతే మీరంతా డైనమో అనే ఆ ఆల్టర్నేటర్ సరిగ్గా చార్జ్ చేయడం లేదు, బెల్ట్ వదులా, లోపల బ్రష్‌లు అరిగాయా చూపించండి. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది, నీళ్లు పోసే బ్యాటరీ అయితే ఎన్ని నీళ్లు పోసినా ఆవిరైపోతూ ఉంటాయి.

ఈ రెండూ బాగున్నాయంటే బండి ఆపి ఉన్నప్పుడు ఏదో ఒకటి కరెంటు లాగుతోందన్నమాట. స్టార్ట్ చేసే తాళంచెవి బయటికి తీసేసి, డోర్లు మూసి, మైనస్ కేబుల్ విప్పి, ఆ కేబుల్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్యన మీటర్‌ను 10 యాంపుల రేంజిలో పెట్టండి. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొట్టారో, మీటర్ కాలిపోతుంది. 50 మిల్లీయాంపుల లోపు చూపిస్తే సరే. 300 చూపిస్తే మీ బండిలో ఉండే 35 ఏహెచ్ (యాంపియర్-అవర్, అంటే 1 యాంపు చొప్పున 35 గంటలు ఇచ్చేంత) బ్యాటరీ అయిదు రోజుల్లోపే ఖాళీ, సెల్ఫ్ అంతకంటే ముందే మొరాయిస్తుంది. ఇప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోండి, ఏది పీకితే అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్లోనే ఉన్నాడు. బయట బిగించిన మ్యూజిక్ సిస్టమ్, సెంట్రల్ లాక్, మూసినా ఆరని డిక్కీ లైటు, ఎక్కువసార్లు వీటిలోనే దొరుకుతుంది. అన్ని ఫ్యూజులు తీసినా అంకె తగ్గలేదంటే ఆల్టర్నేటర్ లోపల కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్ లీకవుతూ ఉండొచ్చు, దాని మెయిన్ వైరు విప్పి చూస్తే తేలిపోతుంది.

ఇంకో మాట. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, "బండి ఆగలేదు కదా, డైనమో బాగుంది" అనే మెకానిక్ దగ్గరికి మాత్రం పోవద్దు. మీ బండి ఎంపీఎఫ్ఐ, అంటే ఇంజిన్‌కు పెట్రోలు ఎంత పోవాలో కంప్యూటర్ చూసుకునే రకం, ఆ పీకుడుకి వోల్టేజీ ఎగిరి కంప్యూటర్ పోయిందంటే బ్యాటరీ ఖర్చు చిన్నదనిపిస్తుంది.

ప్రశ్న: అన్నా, మా పాత జెన్‌లో ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక పార్కింగ్ లైటు కూడా దాంతోపాటు మిణుకుమిణుకుమంటాంది. బ్రేక్ తొక్కితే ఇంకో రకంగా వెలుగుతాంది. వైరింగ్ మొత్తం మార్చాలంటున్నారు. – ప్రొద్దుటూరు నుంచి

జవాబు: మొత్తం వైరింగ్ ఎందుకు తమ్ముడూ, ఒక్క ఎర్త్ చూసుకో చాలు. ఆ వెనక లైటులోని బల్బులన్నింటికీ ఎర్త్ ఒకటే. అది తుప్పు పట్టినప్పుడు కరెంటు తిరిగి వెళ్లడానికి దారి లేక పక్క బల్బులోంచి దూరి పోతుంది, నీకు కనిపిస్తున్న వింతంతా అదే. ఒక వైరు ముక్క తీసుకుని లైటు హోల్డర్ ఎర్త్ నుంచి డిక్కీలో శుభ్రంగా గీకిన బోల్టుకు తగిలించు, మామూలుగా వెలిగితే రోగం దొరికినట్టే. అసలు ఎర్త్ బోల్టు విప్పి, కింద రేకు తళతళలాడేదాకా గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి గ్రీజు పూయి.

బానెట్ కింద ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ కూడా చూడు. అది తెగితే సెల్ఫ్ కొట్టినప్పుడు అంత కరెంటూ క్లచ్ కేబులు గుండా పోయి అది కాలుతుంది, కేబుల్ ఎందుకు పట్టేస్తోందో తెలియక కేబుళ్లు మార్చుకుంటూ కూర్చుంటారు.

ప్రశ్న: హెడ్‌లైట్లు మరీ డల్. రాత్రిపూట హైవేలో కష్టంగా ఉందని 100/90 వాట్ల బల్బులు వేయిస్తే స్విచ్ దగ్గర కాలిన వాసన వస్తోంది. – ఆదోని పాఠకుడు

జవాబు: వెంటనే తీసేయండి. కంపెనీ ఇచ్చిన 60/55 బల్బులు రెండూ కలిపి హైబీమ్‌లో 10 యాంపులు లాగితే, మీరు వేసినవి 16 పైన లాగుతాయి, ఆ పాత స్విచ్, ఆ సన్న వైర్లు తట్టుకోవు. ఎదురొచ్చే లారీ డ్రైవర్ తిట్లు అదనం. మామూలు బల్బులే వేసి, లైట్లు వెలుగుతుండగా బల్బు పిన్నుల దగ్గర వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి అక్కడ 12 ఉంటే మధ్యలో వైర్లూ స్విచ్చూ తినేస్తున్నాయి. వోల్టేజీ పది శాతం తగ్గితే హాలోజన్ వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది, డల్ అనిపించేది అందుకే. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) కిట్ బిగించుకోండి, బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసిన మందపాటి వైరు నేరుగా బల్బుకు పోతుంది, స్విచ్‌కు రిలేను ఆన్ చేసే పనే మిగులుతుంది. దానికి ముందు అద్దాలు పచ్చబడ్డాయేమో, లోపలి రిఫ్లెక్టర్ మసకబారిందేమో చూడండి, అది పోయి ఉంటే ఏ వైరింగూ కాపాడదు.

ప్రశ్న: వైపర్ ఫ్యూజు వేసినప్పుడల్లా పోతోంది. షాపాయన రాగి తీగ చుట్టి ఇచ్చాడు, ఇప్పుడు బాగానే ఉంది. వాడొచ్చా? – కడప

జవాబు: వాడకూడదు. ఫ్యూజు పోకపోతే వైరు కాలుతుంది. ఫ్యూజు బాక్సు మూతమీద రాసిన యాంపుల ఫ్యూజే పెట్టండి, ఎరుపు 10, నీలం 15, పసుపు 20. ఇక అది ఎందుకు పోతోందంటారా, వానల్లేక నెలల తరబడి కదలని వైపర్ లింకులు దుమ్ముకు బిగుసుకుపోతాయి, మోటారు వాటిని కదపలేక ఎక్కువ కరెంటు లాగుతుంది. మోటారు నుంచి లింకు విడదీసి చేత్తో తిప్పి చూడండి, గట్టిగా ఉంటే కడిగి గ్రీజు పెట్టండి. తేలిగ్గానే తిరిగితే మోటారుకు పోయే వైరు ఎక్కడైనా ఒరుసుకుని రేకుకు తగులుతోందేమో వెతకాలి.