గ్యారేజీ ముచ్చట్లు: ఈసారి అన్నీ మియాటా ఉత్తరాలే

పోయిన సంచికలో నా 1991 మియాటా గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, ఈ నెల ఉత్తరాల్లో ముప్పావు వంతు దాని మీదే వచ్చాయి. తెలియనివాళ్ళకి ఒక్క మాట. మాజ్డా వాళ్ళు 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో చూపించిన రెండు సీట్ల, టాప్ వెనక్కి మడిచే బుల్లి కారు ఇది, అమెరికాలో ఎంఎక్స్-5 మియాటా అంటారు, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్, హెడ్‌లైట్లు కప్ప కళ్ళలాగా పైకి లేస్తాయి. ఆ మొదటి మోడల్ 1997 దాకా వచ్చింది. అంటే అందులో ఆఖరిదానికి కూడా పాతికేళ్ళు దాటిపోయాయి కాబట్టి మీ ఉత్తరాలన్నిట్లో అసలు జబ్బు దాదాపు ఒకటే, ఇనుము బాగానే ఉంది రబ్బరు ముసలిదైపోయింది.

అన్నా, నాది 1993 కారు. నిన్న ఆఫీసు నుంచి వస్తుంటే సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కితే పెడల్ నేలకి అంటుకుపోయింది, మళ్ళీ పైకి రాలేదు. తోసుకుంటూ పక్కకి పెట్టాను. క్లచ్ ప్లేట్ పోయినట్టేనా? గేర్‌బాక్స్ దింపాలంటే నాకు గ్యారేజీ కూడా లేదు, అపార్ట్‌మెంట్ పార్కింగే. (ఆస్టిన్ నుంచి)

తమ్ముడూ, కంగారు పడకు, ప్లేట్ పోతే క్లచ్ స్లిప్ అవుతుంది, ఇంజిన్ అరుస్తుంది కానీ కారు లాగదు. పెడల్ నేలకి పోయిందంటే నూటికి తొంభై స్లేవ్ సిలిండరే, అంటే పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడి అందుకుని క్లచ్‌ని కదిపేది. గేర్‌బాక్స్ పక్కన బయటే ఉంటుంది, రెండు బోల్ట్‌లు, ఒక పైపు, అంతే. గేర్‌బాక్స్ దింపక్కర్లేదు.

ముందు బానెట్ ఎత్తి క్లచ్‌కి విడిగా ఉండే చిన్న ఆయిల్ డబ్బా చూడు, ఖాళీగానో, అడుగున నల్లగా బురదలాగానో ఉంటుంది. తర్వాత కిందకెళ్ళి స్లేవ్ చివర ఉండే రబ్బరు తొడుగు అంచుని వేలితో కొంచెం వెనక్కి లాగు. లోపల పొడిగా ఉంటే స్లేవ్ మంచిదే, తడిగా ఉండి వేలికి బ్రేక్ ఆయిల్ అంటితే ఇంక అనుమానం లేదు. నాది లాగినప్పుడు ఓ చెంచాడు ఆయిల్ మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది, కాబట్టి ముందే కళ్ళద్దాలు పెట్టుకో.

కొత్త స్లేవ్ వేసేటప్పుడు పైన పెడల్ దగ్గర ఉండి ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్, మధ్యలో ఉండే రబ్బరు హోసు కూడా తెచ్చుకుని ఒకేసారి మార్చేయ్. మూడింటి వయసూ ఒకటే, స్లేవ్ ఒక్కటే మార్చినవాళ్ళు చాలామంది కొన్ని నెలల్లో మళ్ళీ మాస్టర్ కోసం కిందకి దూరారు, వాళ్ళలో నేనూ ఉన్నాను. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ పోసి పైపులోని గాలి తీయాలి, దీనికి ఇంకో మనిషి కావాలి. లోపల కూర్చున్నవాళ్ళు పెడల్ తొక్కి పట్టుకోవాలి, నువ్వు కింద స్లేవ్ మీద గాలి తీసే నిప్పిల్ వదులు చేసి గాలి బుడగలు పోగానే బిగించాలి, బిగించాకే వాళ్ళు పెడల్ వదలాలి. ఈ వరస తప్పితే గాలి మళ్ళీ లోపలికే పోతుంది. మా ఆవిడ అయితే "తొక్కు", "వదులు" అని రెండు మాటలే అరవమంది, మూడో మాట వస్తే దిగిపోతానంది, ఆ పద్ధతి బాగా పనిచేసింది. ఇంకోటి, బ్రేక్ ఆయిల్ రంగుని తినేస్తుంది, బానెట్ లోపల ఎక్కడ చుక్క పడినా వెంటనే నీళ్ళు పోసి కడిగేయ్, తర్వాత చూద్దాంలే అనుకోకు.

నమస్తే అండి. మా కారు కింద ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య నుంచి ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. ఇక్కడ ఒక మెకానిక్ షాపుకి తీసుకెళ్తే రియర్ మెయిన్ సీల్ (ఇంజిన్ వెనక ఆయిల్ ఆపే రబ్బరు) పోయింది, గేర్‌బాక్స్ దింపాలి, 1400 డాలర్లు అన్నారు. ఈ కారు కొన్నదే 5000కి. చేయించాలా? (ఎడిసన్, న్యూజెర్సీ)

చేయించకండి, ఇప్పుడే కాదు. మీ మెకానిక్ అబద్ధం చెప్పాడని నేను అనను, చుక్క పడే చోటు చూస్తే ఎవరికైనా అదే అనిపిస్తుంది. కానీ ఆయిల్ కింద కనపడినంత మాత్రాన కిందే పుట్టిందని కాదు కదా. ఈ ఇంజిన్లో హెడ్డు (ఇంజిన్ పై భాగం) వెనకాల, సరిగ్గా ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) ముందు, క్యామ్ యాంగిల్ సెన్సర్ అని ఒకటి ఉంటుంది, దాని లోపల ఒక రబ్బరు ఓ-రింగ్. ఏళ్ళ తరబడి వేడికి అది ప్లాస్టిక్ గాజులాగా గట్టిపడిపోతుంది, అప్పుడు ఆయిల్ ఇంజిన్ వెనక గోడ మీదుగా మెల్లగా జారి సరిగ్గా మీరు చెప్పిన చోట చుక్క కడుతుంది. ఆ రింగ్ ధర రెండు మూడు డాలర్లు.

వెనక నుంచి చెయ్యి పెట్టి సెన్సర్ కింద తడమండి. తడిగా ఉంటే దొంగ దొరికినట్టే. విప్పే ముందు మాత్రం సెన్సర్‌కీ హెడ్డుకీ కలిపి తెల్ల మార్కర్‌తో ఒక గీత గీయండి, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ సెన్సర్‌ని ఎంత తిప్పి బిగించామన్న దాన్ని బట్టే ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పు ఎప్పుడు పడాలన్నది, ఉంటుంది. పట్టి ఉంచే బోల్ట్ 12 ఎంఎం, ఒకటే. కొత్త రింగ్‌కి కొంచెం ఇంజిన్ ఆయిల్ రాసి ఎక్కించి గీతలు కలిపి బిగించండి. ఆ టైమింగ్ కొలిచే లైట్ ఉంటే ఇంకా మంచిది, బానెట్ కింద ఉండే డయాగ్నసిస్ డబ్బాలో టెన్, గ్రౌండ్ అనే రెండు పిన్నులు వైరుతో కలిపి చూస్తే 10 డిగ్రీలు చూపించాలి. ఆ తర్వాత వెనకంతా డీగ్రీజర్‌తో శుభ్రంగా కడిగి ఓ రెండు వారాలు నడపండి. అప్పటికీ చుక్క పడితే అప్పుడు ఆ 1400 సంగతి మాట్లాడుకుందాం.

మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఇప్పుడు ఆరు నెలలు ఉండటానికి వచ్చారు, ఇంట్లో కూర్చుని బోర్ కొడుతోందని నా మియాటా మీద పడ్డారు. "మాజ్డానే కదరా, స్వరాజ్ మాజ్డా వ్యాన్లు ఎన్ని దింపి ఎక్కించాను" అంటున్నారు. వెనక బ్రేక్ ప్యాడ్లు మార్చాలి, ఆయనకి ఇవ్వచ్చా? భయంగా ఉంది. (ఫ్రిస్కో, టెక్సస్)

ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి, మీకన్నా ఆయన చెయ్యే నయం! కాకపోతే మూడు సంగతులు ముందే చెప్పండి, చెప్పేటప్పుడు "నాన్నా మీకు తెలీదు" అని మొదలుపెట్టకండి.

మొదటిది ఆ వెనక బ్రేకే. మామూలుగా ప్యాడ్లని తోసే పిస్టన్‌ని క్లాంప్ పెట్టి లోపలికి నొక్కేస్తాం, నాన్నగారు కూడా అదే చేయబోతారు. ఇందులో హ్యాండ్ బ్రేక్ మెకానిజం క్యాలిపర్ (ఆ పిస్టన్, ప్యాడ్లు ఉండే భాగం) లోపలే ఉంటుంది కాబట్టి అలా నొక్కితే పోదు, ఇంకా గట్టిగా నొక్కితే లోపల విరుగుతుంది. క్యాలిపర్ వెనక 14 ఎంఎం బోల్ట్ ఒకటి ఉంటుంది, అది బోల్ట్ కాదు మూత, అది తీస్తే లోపల 4 ఎంఎం ఎలెన్ కీ పట్టే గుంట కనపడుతుంది. ఎడమకి తిప్పితే పిస్టన్ దానంతటదే లోపలికి పోతుంది. కొత్త ప్యాడ్లు వేశాక కుడికి తిప్పి గట్టిగా ఆగేదాకా తెచ్చి, అక్కణ్ణించి మూడో వంతు చుట్టు వెనక్కి. చక్రం చేత్తో తిప్పితే ఫ్రీగా తిరగాలి. మూత మర్చిపోవద్దు. ఇది చూపించండి, ఆయన మొహంలో వెలుగు చూడండి.

రెండోది స్క్రూలు. జపాన్ బండ్ల ప్లస్ స్క్రూ, ఇక్కడ దొరికే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ రెండూ చూడ్డానికి ఒకటే కానీ గాడి ఆకారం వేరు, ఫిలిప్స్ మొన గాడి అడుగు దాకా దిగదు, బలం పెట్టగానే పైకి జారి తల చెక్కేస్తుంది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూడ్రైవర్ సెట్ కొనండి, పెద్ద ఖరీదు కాదు. స్క్రూ తల మీద చిన్న చుక్క ఉంటే అది జేఐఎస్. మన దగ్గర పాత జపాన్ ఇంజిన్ల బైకులు విప్పినవాళ్ళందరికీ ఆ తల చెక్కేసిన స్క్రూలు గుర్తుంటాయి, తప్పు స్క్రూది కాదని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.

మూడోది, జాకీ మీద కారు లేపి ఇటుకలు పెడతానంటే మాత్రం మొహమాటం లేకుండా ఆపేయండి. వెనక డిఫరెన్షియల్ కింద జాకీ పెట్టి లేపచ్చు, కానీ కింద దూరే ముందు రెండు పక్కలా జాకీ స్టాండ్లు ఉండాల్సిందే. విప్పిన చక్రాన్ని కూడా కారు కిందకి దొర్లించి పెట్టండి, స్టాండ్ జారినా మనిషికి జాగా మిగులుతుంది.

1990 మోడల్ ఒకటి తక్కువకి వస్తోంది. మొదటి సంవత్సరం కార్లలో క్రాంక్ సమస్య ఉంటుందని ఎవరో భయపెట్టారు. నిజమేనా? (శాన్ హోసే)

నిజమే, కానీ భయపెట్టినంత కాదు. 1990, 1991 మొదట్లో వచ్చిన 1.6 లీటర్ ఇంజిన్లలో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందు కొస పొట్టిగా ఉంటుంది, దాని మీద బెల్ట్‌లు తిప్పే చక్రం, అదే పుల్లీ, పక్కకి తిరగకుండా పట్టే కీ కూడా చిన్నది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు బాగానే ఉంటుంది, కథంతా మొదటిసారి టైమింగ్ బెల్ట్ (క్రాంక్‌తో పాటు వాల్వుల్ని ఆడించే పళ్ళ బెల్ట్) మార్చేటప్పుడు మొదలవుతుంది. ముందున్న పెద్ద బోల్ట్ సరిగ్గా బిగించకపోతే పుల్లీ రవ్వంత కదులుతుంది, ఆ రవ్వంత కదలిక వేల మైళ్ళలో కీ గాడిని వెడల్పు చేస్తుంది, చివరికి పుల్లీ వంకరగా ఊగుతుంది, టైమింగ్ జారిపోతుంది, కారుకి బలం చచ్చిపోతుంది. అప్పుడు చాలామంది ప్లగ్గులు, కాయిల్, ఫ్యూయల్ పంప్ అన్నీ మార్చి అలిసిపోతారు.

కొనే ముందు టార్చ్ పట్టుకుని ముందు నుంచి కింది పుల్లీ చూడండి. నడి మధ్యలో బోల్ట్ చుట్టూ గాట్లు లెక్కపెట్టండి, నాలుగు ఉంటే పొట్టి కొస, ఎనిమిది ఉంటే తర్వాత వచ్చిన పొడుగుది. నాలుగే ఉన్నాయని వదిలేయక్కర్లేదు. ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో పుల్లీని పక్క నుంచి ఓ నిమిషం చూడండి, బొంగరం పడిపోయే ముందు ఊగినట్టు ఊగితే వద్దనేయండి, లేదా ఇంజిన్ ఖర్చు తగ్గించి బేరం ఆడండి. నిలకడగా తిరిగితే కొనుక్కోండి. నాదీ నాలుగు గాట్లదే. నేను బెల్ట్ మార్చినప్పుడు కొత్త బోల్ట్ తెచ్చి, కీ గాడి శుభ్రం చేసి, టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో చెప్పిన 80 నుంచి 87 ఫుట్-పౌండ్ల మధ్య బిగించాను, ఇంతవరకు కదల్లేదు. పొడుగు కొసకి ఈ లెక్క వేరే, ఇంకా ఎక్కువ, కాబట్టి గాట్లు లెక్కపెట్టకుండా ఎవరి మాటా విని బిగించకండి.

బెల్ట్ 60,000 మైళ్ళకి మార్చాలి. ఒకవేళ తెగినా ఈ ఇంజిన్లో వాల్వులు పిస్టన్‌కి తగలవు, కారు ఆగిపోతుంది అంతే. బెల్ట్ మార్చేటప్పుడు ఎలాగూ ముందంతా విప్పుతారు కాబట్టి వాటర్ పంపు, ముందు సీళ్ళు కూడా వేయించేయండి. అలాగే రేడియేటర్ పై తొట్టె రంగు చూడండి, నల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ మట్టి రంగుకి తిరిగిందంటే పగలడానికి సిద్ధంగా ఉందని అర్థం.

వాన పడితే సీటు వెనక కార్పెట్ తడిసిపోతోంది. టాప్ ఎక్కడా చిరగలేదు. (సియాటిల్)

మీ ఊళ్ళో వాన పడితే అనకండి, వాన ఎప్పుడు పడదు చెప్పండి. టాప్ మీద పడిన నీళ్ళు వెనక అంచున ఒక కాలవలోకి దిగి, రెండు పక్కలా సీట్ బెల్ట్ స్తంభాల వెనక ఉన్న గొట్టాల్లోంచి వెనక చక్రాల ముందు బయటికి పోతాయి. ఆకులు, దుమ్ము, పైన్ చెట్టు సూదులు చేరి ఆ గొట్టం మూసుకుపోతే నీళ్ళు లోపలికి పొర్లుతాయి. పొడుగాటి ప్లాస్టిక్ జిప్ టై గానీ గడ్డి కోసే మిషన్ తీగ గానీ మెల్లగా దూర్చి కదపండి, ఇనప తీగ వద్దు, గొట్టం ఊడిందంటే పెద్ద పని. తర్వాత ఒక చెంబెడు నీళ్ళు పోసి కింద నుంచి బయటికి వస్తున్నాయో లేదో చూడండి. నాకు మొదటిసారి బయటికి వచ్చింది నల్లటి కంపోస్టు, అందులో ఒక మొలక కూడా ఉంది. నీళ్ళు చాలాకాలం నిలిచి ఉంటే వెనక చక్రాల ముందుండే సిల్ (తలుపు కింది రేకు) లోపల్నించి తుప్పు పడుతుంది, అక్కడ పెయింట్ ఉబ్బిందేమో నొక్కి చూసుకోండి.

ఇంకోటి, టాప్ దించే ముందు వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్ తీసి పడుకోబెట్టండి. చలిలో అలాగే మడిచేస్తే పగులుతుంది.

పొద్దున స్టార్ట్ చేయగానే కుట్టు మిషన్‌లాగా టకటక. (అట్లాంటా)

హైడ్రాలిక్ లిఫ్టర్లు, అంటే ఆయిల్ ఒత్తిడితో వాల్వుల సందు సరిచేసే చిన్న భాగాలు. కొన్ని సెకన్లలో ఆగితే పట్టించుకోకండి, ఆగకపోతే ముందు ఆయిల్ లెవెల్ చూసి, ఆయిల్, ఫిల్టర్ మార్చి చూడండి. ఫిల్టర్ ఇన్‌టేక్ కింద చెయ్యి పట్టని సందులో ఉంటుంది, ఇంజిన్ చల్లారాక చేయండి, నా ముంజేతి మీద మచ్చ ఇంకా ఉంది.

డిక్కీలో బ్యాటరీ దగ్గర తెల్ల పొడి, తుప్పు. మామూలు బ్యాటరీ వేశాను, అందుకేనా? (షార్లెట్)

అందుకే. డిక్కీలో ఉంటుంది కాబట్టి దీనికి సీల్డ్ ఏజీఎం (యాసిడ్ ఒలకని రకం) బ్యాటరీయే వేయాలి, గ్యాస్ బయటికి పోయే సన్న గొట్టాలు కూడా తగిలించాలి. ఇప్పుడు తీసేసి, బేకింగ్ సోడా నీళ్ళతో కడిగి ఆరబెట్టి పెయింట్ వేయండి.

సార్, అక్కడ ఇన్ని పాతికేళ్ళ కార్లకి పార్ట్‌లు ఎలా దొరుకుతున్నాయి? నేను ఇలాంటిది ఒకటి హైదరాబాద్ తెప్పించుకోవచ్చా? (కూకట్‌పల్లి)

పార్ట్‌లకి కొదవ లేదండి, ఎక్కువ అమ్ముడైన కారు కాబట్టి బయటి కంపెనీలు కూడా చేస్తాయి. మాజ్డా కూడా 2017లో ఈ మొదటి మోడల్ కోసం జపాన్‌లో రెస్టొరేషన్ సర్వీస్ ప్రకటించి సాఫ్ట్ టాప్, నార్డీ చెక్క స్టీరింగ్, ఆఖరికి అప్పటి 14 అంగుళాల బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు కూడా మళ్ళీ చేయించింది.

తెప్పించుకోవడం మాత్రం కుదరదు. మన రూల్ ప్రకారం వాడిన కారు దిగుమతి చేసుకోవాలంటే మూడేళ్ళ లోపుదై ఉండాలి, స్టీరింగ్ కుడి పక్క ఉండాలి. ముప్పై ఏళ్ళ కారు పోర్టు కూడా దాటదు. ఈసారి అమెరికా వచ్చినప్పుడు చెప్పండి, నాది నడుపుదురుగాని, క్లచ్ కొత్తదే.