నెట్ ఆపేస్తే పోయేది వాట్సాప్ ఒక్కటేనా?

గొడవలప్పుడు నెట్ ఆపితే తప్పేంటి, హక్కులకీ దానికీ సంబంధం ఏంటి అని అడిగారు కదా, కాశ్మీర్ సంగతి చూస్తే అర్థమవుతుంది. 2019 ఆగస్టులో జమ్మూకాశ్మీర్‌కి ప్రత్యేక హోదా ఇచ్చిన 370 ఆర్టికల్ తీసేసేటప్పుడు అక్కడ ఫోన్లు, నెట్ అన్నీ ఆపేశారు. విలేకర్లకి వార్త పంపే దారి లేదు, వ్యాపారులకి ఆర్డర్లు లేవు, 2020 జనవరి చివర్లో 2జీ ఇచ్చారు గానీ అదీ ప్రభుత్వం ఓకే అన్న సైట్లకే, అన్ని జిల్లాలకీ 4జీ వచ్చేసరికి 2021 ఫిబ్రవరి అయింది, అంటే కరోనా టైంలో చాలామంది పిల్లలు 2జీ మీదే ఆన్‌లైన్ క్లాసులు వినాల్సొచ్చింది.

దీని మీద కాశ్మీర్ టైమ్స్ ఎడిటర్ అనురాధా భసీన్ సుప్రీంకోర్టుకెళ్తే 2020 జనవరి 10న తీర్పొచ్చింది. నెట్ ద్వారా మాట్లాడే స్వేచ్ఛ, వ్యాపారం చేసుకునే స్వేచ్ఛ రాజ్యాంగం 19వ ఆర్టికల్ కిందకే వస్తాయి, గడువు లేకుండా ఆపడం కుదరదు, ఆపిన ఆర్డర్ బయటపెట్టాలి అంది. నా దృష్టిలో ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఆర్డర్ చేతిలో లేకపోతే కోర్టులో దేన్ని సవాలు చేస్తాం చెప్పండి. కాకపోతే నెట్ వెంటనే ఇచ్చేయమని మాత్రం కోర్టు అనలేదు, అది నాకు ఇప్పటికీ బాధే.

పుకార్లు ప్రాణాలు తీస్తాయి, అదీ నిజమే. కానీ నెట్ ఆపితే పుకార్లతో పాటు నిజమూ ఆగిపోతుంది. మణిపూర్‌లో గొడవలప్పుడు 2023 మే 3న మొబైల్ నెట్ ఆపారు, మర్నాడు అక్కడ ఆడవాళ్ళ మీద జరిగిన ఘోరం వీడియో దేశం చూసింది జూలై 19న, మొదటి అరెస్టు జరిగింది ఆ తర్వాతే.