పికీన్ ఇళ్లలో నీరు ఎందుకు నిలుస్తుంది?

ప్రశ్న: సెనెగల్ రాజధాని డకార్ శివారులోని పికీన్‌లో వానలు వెనుకబట్టి నెలలు గడిచినా కొన్ని ఇళ్లలో నీరు తీయదని చదివాను. అంత తక్కువ వాన పడే చోట ఈ ముంపు ఎందుకు?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఆ నీటిలో చాలా భాగం నేలలోంచి ఊరి వచ్చేదే. డకార్ పేటల నుంచి ఖాళీ చేయించిన పేదల కోసం ఫ్రెంచి వలస పాలకులు 1952లో నెలకొల్పిన పికీన్ చుట్టూ ఇసుక దిబ్బలు, వాటి నడుమ నియాయ్ అనే పల్లపు నేలలు ఉన్నాయి. 1970ల కరువులో ఆ పల్లాలు ఎండిపోగా, పల్లెలు విడిచి వచ్చిన కుటుంబాలు వేరే చోట స్థలం కొనే స్తోమత లేక అక్కడే ఇళ్లు కట్టుకున్నాయి. తరువాత వానలు మళ్లీ పుంజుకున్నాయి.

నా దృష్టిలో మరింత కీలకమైన కారణం వేరే ఉంది. సమీపంలోని థియారోయ్ బోర్ల నుంచి నగరానికి తాగునీరు తోడినంత కాలం భూగర్భ జలమట్టం లోతుగా ఉండేది. భూగర్భ మురుగు వ్యవస్థ లేనందువల్ల మరుగుదొడ్ల గుంతల నుంచి నైట్రేట్లు అనే హానికర లవణాలు ఆ నీటిలో చేరడంతో తోడకాన్ని బాగా తగ్గించవలసి వచ్చింది, దానితో జలమట్టం పైకి లేచింది.

ఏటా ఇసుక, రాళ్లు పోసి గచ్చు మెరక చేసుకున్న ఇళ్లలో కిటికీలు మోకాలి ఎత్తుకు వచ్చాయి. వదిలేసిన గదుల్లో జమ్ము మొలిచింది. 2005 వరదల తరువాత ప్రభుత్వం జాక్సాయ్ పథకం కింద కొన్ని కుటుంబాలను తరలించింది, ఆ పైన వాననీటి కాలువలు తవ్వించింది. అవి అవసరమే గాని, గుంతల మురుగు నేలలోకి ఇంకుతున్నంత కాలం ఆ బోర్ల నీరు తాగడానికి పనికిరాదు; తోడకం మళ్లీ పెరగనిదే జలమట్టం దిగడం కష్టం.