నడుము పట్టేయడం నటన కాదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 44 ఏళ్లు. వనస్థలిపురంలో ఉంటాం. అమీర్‌పేటలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మూడేళ్ల కిందట వాషింగ్ మెషిన్ పక్కకు జరుపుతుంటే నడుము కలుక్కుమంది. అప్పటి నుంచి ఏడాదికి మూడు నాలుగుసార్లు పట్టేస్తోంది. పట్టేస్తే మంచం మీద పక్కకు తిరగడం కూడా కష్టమే. మిగతా రోజుల్లో సన్నగా సలుపుతూనే ఉంటుంది. ఎమ్మారై తీస్తే వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్క్ ఒకటి కొద్దిగా ఉబ్బిందన్నారు. వంగొద్దు, బరువులెత్తొద్దు, నడుముకు కట్టిన బెల్టు తీయొద్దు అని చెప్పారు. మొన్న వరంగల్‌లో మేనకోడలి పెళ్లికి వెళ్లాను. మూడు రోజులు కుర్చీలు మోశాను, వంగి వంగి వడ్డించాను. నొప్పి జాడే లేదు. తిరుగు బస్సులో ఘట్‌కేసర్ దాటాక మళ్లీ పట్టేసింది. 'అక్కడ లేని నొప్పి ఇక్కడెలా వచ్చింది? అంతా మీ మనసులోనే ఉంది' అంటోంది మా ఆవిడ. నేను నటిస్తున్నానా మేడమ్? ఈ బెల్టు జీవితాంతం ఉండాల్సిందేనా? అన్నట్టు, ఆఫీసులో మా సెక్షన్‌లో మనుషుల్ని తగ్గిస్తారంటున్నారు. అది వేరే సంగతి.
- ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: మీరు నటించడం లేదు. ముందు ఈ మాట మీకు పట్టాలి, మిగతాదంతా తర్వాత. పట్టేసిన నడుము మీద చెయ్యి వేస్తే వెన్నుకు రెండు పక్కలా కండరం మోకులా బిగిసి తగులుతుంది. చైతన్యపురిలో మా ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఇరవై రెండేళ్లుగా ఈ వేళ్లతో చూస్తున్నాను. అంత బాధను ఎవరూ సరదాకి తెచ్చుకోరు.

మీ ఆవిడ మాటలో కొంత నిజం ఉంది. కానీ 'మనసులో ఉంది' అంటే వినేవాళ్లకు 'అసలు లేదు' అన్నట్టు వినిపిస్తుంది. అందుకే ఆ మాట గుచ్చుకుంటుంది. చీకట్లో తాడును చూసి పామనుకున్నామనుకోండి. పాము లేదు. కానీ గుండెదడ నిజం, చెమట నిజం, కాళ్లు కొయ్యబారిపోవడం నిజం. 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక భవన కార్మికుడి సంగతి వచ్చింది. 29 ఏళ్లవాడు. 15 సెంటీమీటర్ల మేకు మీదికి దూకితే అది బూటును చీల్చుకుని పైకి వచ్చింది. మేకు కాస్త కదిలినా విలవిల్లాడిపోతున్నాడని మత్తు ఇచ్చి దాన్ని లాగారు. బూటు విప్పి చూస్తే మేకు కాలివేళ్ల సందులోంచి దూరింది, పాదానికి గాయమే లేదు. అతను పడ్డ బాధ అబద్ధమా? కాదు. ఒంటి నుంచి వచ్చే కబురుతో పాటు కంటికి కనిపించినది, ఇదివరకు జరిగినది, లోపలున్న భయం, అన్నీ కలిపి మెదడు లెక్క వేసుకుంటుంది. ప్రమాదం ఉందనిపిస్తే నొప్పి పుట్టిస్తుంది, కండరాన్ని బిగిస్తుంది.

వాషింగ్ మెషిన్ దగ్గర పట్టిన బెణుకు మామూలుగా అయితే కొన్ని వారాల్లో మానిపోవాలి. కానీ ఆ తర్వాత మీకు దొరికినవన్నీ భయం మాటలే. ఉబ్బిన డిస్క్ అనగానే మీరు ఎంత హడలిపోయి ఉంటారో ఊహించగలను. నడుము నొప్పే లేని 3,110 మంది స్కానింగులను, 33 అధ్యయనాల నుంచి ఒకచోట చేర్చి 2015లో లెక్క తేల్చారు. ఏ నొప్పీ లేని 40 ఏళ్లవాళ్లలో 50 శాతం మందికి డిస్క్ ఉబ్బి ఉంది. 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. అంటే మీరెక్కే మెట్రోలో మీ ఈడువాళ్లు పదిమంది ఉంటే, అందులో అయిదుగురికి నొప్పి లేకుండానే మీలాంటి రిపోర్టు రావచ్చు. తల నెరిసినట్టే ఇదీను. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ఎంతమంది వంగడం మానేశారో తలుచుకుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక ఉత్తరం చివర 'అది వేరే సంగతి' అని రాశారు చూడండి, అది వేరే సంగతి కాదు. పెళ్లిలో మీ చుట్టూ మనవాళ్లు, చేతినిండా పని, నడుము గురించి ఆలోచించే తీరికే లేదు. ఘట్‌కేసర్ దాటితే ఊరొచ్చేసినట్టే, పొద్దున్నే ఆఫీసు. మిమ్మల్ని చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, ఇలా పట్టేయడం నాకు అనుభవమే. పదేళ్ల కిందట మా నాన్న పదిహేను రోజులు ఐసీయూలో ఉన్నారు. ఆ పదిహేను రోజులూ నాకేమీ కాలేదు. ఆయన ఇంటికొచ్చిన మర్నాడు బిల్లుల ఫైలు సర్దుతుంటే ఒక కాగితం జారిపడింది. అది తీద్దామని వంగాను, అంతే, లేవలేకపోయాను. కాగితం బరువెంతుంటుంది? అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఆ క్షణాన నడుములో కూర్చుంది.

అయితే ప్రతి నడుము నొప్పినీ టెన్షన్ ఖాతాలో వేయకూడదు. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మల విసర్జన మీద పట్టు తప్పడం, కూర్చుంటే కుర్చీకి ఆనే భాగం (తొడల మధ్య, పిరుదుల దగ్గర) తిమ్మిరెక్కడం, పాదం ఈడ్చుకుపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడిపోయాక మొదలైన నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ ఉండటం, మోకాలి కిందికి జివ్వుమని పాకే నొప్పి ఉంటే డాక్టరుకు తప్పక చూపించాలి. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు. అయినా ఒకసారి సరిచూసుకోండి.

మా క్లినిక్‌కు వచ్చినవాళ్లు చెప్పులు వేసుకునేటప్పుడు గమనిస్తాను. వంగేముందే ఒక చెయ్యి గోడను పట్టుకుంటుంది, దవడ బిగుస్తుంది, ఊపిరి ఆగిపోతుంది. నొప్పి ఇంకా రానేలేదు, ఒళ్లు అప్పుడే సిద్ధమైపోయింది. మీరు మార్చాల్సింది ఆ క్షణాన్ని. కుర్చీలో కూర్చుని, నోటితో నెమ్మదిగా ఊపిరి వదులుతూ, చేతులు మోకాళ్ల మీంచి కిందికి జార్చండి. ఎంతవరకు సులువుగా వెళితే అంతవరకే. రోజుకు రెండు మూడుసార్లు. సలుపు వస్తే 'ఇది గాయం కాదు, భయపడ్డ కండరం' అని మనసులో అనుకోండి. ఇది ఊరికే ధైర్యం చెప్పడం కాదు. అమెరికాలోని కొలరాడోలో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 151 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. నొప్పిని ప్రమాదంగా కాకుండా చూడటం నాలుగు వారాలు నేర్చుకున్నవాళ్లలో 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో, దాదాపుగానో పోయింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో అది 20 శాతమే. నొప్పికి ఒంట్లో వేరే జబ్బు కారణం కానివాళ్లనే అందులోకి ఎంచుకున్నారు, అది మరిచిపోకూడదు.

పట్టేసిన రోజున వేడి కాపడం పెట్టుకోండి, డాక్టరు రాసిన మాత్ర వేసుకోండి, కానీ మంచం పట్టొద్దు. గంటకోసారి ఇంట్లోనే నాలుగడుగులు వేయండి. మామూలు రోజుల్లో మెట్రోలో ఎల్బీనగర్‌లో సీటు దొరికితే మలక్‌పేట దాకా కూర్చుని, తర్వాత లేచి నిలబడండి. సీటు పోతే పోనివ్వండి. ఉద్యోగం దిగులును మాత్రం మీ ఆవిడతో పంచుకోండి. ఆమెకు నొప్పి సంగతి తెలుసు, ఈ దిగులు సంగతి చెప్పారో లేదో మీ ఉత్తరాన్ని బట్టి నాకు తెలియలేదు.

బెల్టు అక్కర్లేదు. ఇలాంటి దీర్ఘకాలిక నొప్పికి బెల్టులు వాడొద్దనే 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. అయితే మూడేళ్లు అలవాటైనదాన్ని ఒక్కరోజులో విసిరేయకండి. మొదటి వారం ఇంట్లో తీసేయండి. రెండో వారం మెట్రోలో. ఆఫీసులో చివరగా తీయండి, మీకు కష్టమైన చోటు అదే కదా. నెల తర్వాత నడుము ఎలా ఉందో రాయండి. సెక్షన్ సంగతి ఏమైందో కూడా రాయండి.